గుట్ట కింద పొడి నేల

"ఇది నా బేసిన్ కాదు," అంది ఎకుబా.

"నీదే వదినా. అడుగున నీలం పువ్వు లేదూ?"

"పువ్వు నాదే. ఈ కంపు నాది కాదు."

శనివారం పొద్దున్న ఆరున్నర. వసారాలో బల్ల మీద కూర్చుని బూట్ల తాళ్ళు ముడేసుకుంటున్న అఫీబా తలెత్తలేదు. మేనమామ కబెన్లా ఇంట్లో ఇలాంటి రగడ వారానికొకటి ఉంటుంది. ఎకుబా మేనమామ భార్య. యాబా మేనమామ చెల్లెలు, అఫీబాకి తల్లి. పాతికేళ్ళుగా ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుతున్నారు. పాతికేళ్ళుగా ఒకరి గరిటె ఒకరు ముట్టుకోరు.

"చేపలు కడిగాను అందులో," అంది యాబా.

"చేపలు పుల్లగా కంపు కొడతాయా? నేనేమైనా నిన్న పుట్టానా? బూడిదేసి రెండుసార్లు తోమాను, పోలేదు. సంతలో అరవై సేడీలు పోసి కొనుక్కున్నా. మా ఆయన సొమ్ము కాదు, నా కసావా దుంపలు అమ్ముకున్న సొమ్ము. ఇందులో పిండి తప్ప ఇంకోటి పడకూడదని ఎన్నిసార్లు చెప్పాను?"

"ఒక్క బేసిన్ కోసం ఊరంతా వినాలా?"

"విననీ. ఈ ఇంట్లో నాదని చెప్పుకోడానికి ఇంకేముంది? కోకో తోట మీ అన్నది. ఆయన తర్వాత, మన ఆచారం ప్రకారం, నా పిల్లలది కాదు, నీ పిల్లలది. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ గింజ ఎండబోసినందుకు నాకు మిగిలేది ఈ బేసినే."

ఒక మాటకి నాలుగు మాటలు తిరిగిచ్చే మనిషి యాబా. ఈరోజు మాత్రం బేసిన్ బోర్లించి, చీపురు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. 'పొద్దున్నే ఏమిటీ గోల' అని కసరవలసిన కబెన్లా గుమ్మంలో కూర్చుని, వంటపాక పక్కన కొత్తగా పేర్చిన కట్టెల వంక చూస్తున్నాడు. అఫీబా ఇదంతా గమనించింది. గమనించడం ఆమెకి ఉద్యోగం. అయితే ఇంట్లో ఉన్నప్పుడు దాన్ని వాడకూడదని పద్నాలుగేళ్ళ క్రితం పోలీసుల్లో చేరిన రోజే అనుకుంది.

"తినవా?" అంది తల్లి పెరట్లోంచి.

"ఆకలి లేదు."

నిజంగానే లేదు. నిన్న మధ్యాహ్నం ఎజ్రా బ్లే శవాన్ని చూసినప్పటి నుంచి ఆమెకి ఆకలి లేదు, దుఃఖమూ లేదు. చేతులు పని చేస్తున్నాయి, కాళ్ళు నడుస్తున్నాయి.

బ్లేకి ముప్ఫై ఒకటి. సముద్రపొడ్డు నుంచి వచ్చినవాడు. తోట తోటకీ తిరిగి సరిహద్దులు కొలిచి పటం గీయడం, కోకో చెట్ల మధ్య నిలబడ్డ పెద్ద చెట్లని లెక్కపెట్టి ఒక్కోదానికీ అంకె వేసిన రేకు బిళ్ళ కొట్టడం అతని పని. సముద్రం అవతల కొనేవాళ్ళు ఇప్పుడు పటం లేని తోట గింజ ముట్టుకోవడం లేదు. రక్షిత అడవిలోకి జరిగిన తోటకి పటం మీద ఎర్ర గుర్తు. పెద్ద చెట్లని చంపిన తోటకీ ఎర్ర గుర్తే. ఆ గుర్తు పడిందంటే కొనుగోలు షెడ్డులో తక్కెడ దగ్గరికి కూడా బస్తాని రానివ్వరు.

గురువారం పొద్దున్న బ్లే నోటు పుస్తకం పట్టుకుని బయల్దేరాడు. శుక్రవారం తెల్లవారి నత్తలు ఏరుకునే ఆడవాళ్ళకి శవమై కనిపించాడు. అడవి సరిహద్దుగా చెట్లు కొట్టి శుభ్రం చేసిన బాట ఉంటుంది. దానికి అవతల పది అడుగుల్లో పడి ఉన్నాడు. తల పగిలి ఉంది. బాటకి ఇవతలున్నది కబెన్లా తోట. తొమ్మిది గంటలకల్లా స్థానిక ఛీఫ్ ఇన్‌స్పెక్టర్ అంపాన్సా, కబెన్లా తోటని మూడోవంతు పాలుకి చూసుకునే అకొల్గోని పట్టుకుని లోపలేశాడు. ఈ సాయంత్రం ఆరింటికి వ్యాను వస్తుంది. పెద్ద ఊరి జైలుకి ఒకసారి వెళ్ళినవాడి కేసు మొదలవడానికే నాలుగేళ్ళు పడుతుంది.

పెద్ద స్టేషన్ వాళ్ళు అఫీబాని పంపింది, ఆ వ్యాను కదిలేలోపు కేసు సరిగ్గా ఉందో లేదో చూడమని.

* * *

"కూర్చో అకొల్గో."

"నిలబడే ఉంటా అమ్మాయిగారూ. కూర్చుంటే నడుం పట్టేస్తోంది."

ఉత్తరాది నుంచి వచ్చిన మనిషి. నలభై అయిదు దాటాయి. చొక్కా తీసేసుకున్నారు, నిక్కరు మీద ఉన్నాడు. ఎనిమిదీ పదికి అఫీబా తలుపు వేయించి, కానిస్టేబుల్‌ని బయటికి పంపింది.

"మంగళవారం షెడ్డు దగ్గర బ్లేతో ఏమన్నావు?"

"అడవి లోపలున్న నా రెండెకరాలకి ఎర్ర గుర్తు పెట్టాడండీ. 'ఈ గీత నువ్వు నా పిల్లల నోటి మీద గీశావు' అన్నా."

"చంపుతానన్నావా?"

"అనలేదు. 'నీ పెన్సిలు విరగా' అన్నా. అంపాన్సా సారు రాసుకునేసరికి పెన్సిలు కాస్తా తలకాయైంది."

అఫీబా నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

"ఆ రెండెకరాలు అడవిలోకి ఎందుకెళ్ళాయి?"

"అయ్యగారు చూపించారు. 'బాట దాటి కాస్త వేసుకో, ఎవడు చూస్తాడు' అన్నారు. అప్పుడు ఎవడూ చూడలేదు."

"గురువారం ఎక్కడున్నావు?"

"గురువారం తోటకి ఎవరెళ్తారు? నేలతల్లి పడుకునే రోజు. మావైపు ఆ పట్టింపు లేదు గానీ, మీ నేల మీద బతుకుతున్నా కదా. పద్నాలుగేళ్ళలో ఒక్క గురువారం కత్తి పట్టలేదు. పొద్దున్నంతా నా కొట్టంలోనే ఉన్నా. తర్వాత అయ్యగారు వచ్చి, ఊళ్ళోకెళ్ళి కత్తులు సాన పట్టించుకు రమ్మన్నారు. సాన పట్టేవాడు లేడు. రెండింటిదాకా కాచుకుని తిరిగొచ్చా."

"మామయ్య ఎన్నింటికి వచ్చాడు?"

"పదకొండు కొట్టింది. రేడియోలో చావు కబుర్లు అప్పుడే మొదలెట్టారు. అయ్యగారు వినగానే 'కట్టెయ్ దాన్ని' అన్నారు. రోజూ చెవి పెట్టి వినే మనిషి."

"ఏ వైపు నుంచి వచ్చాడు? ఊరి వైపు నుంచా, తోట వైపు నుంచా?"

అకొల్గో కాలి బొటనవేలితో సిమెంటు మీద గీత గీశాడు. "చూడలేదు."

"చూశావు."

"చూడలేదమ్మాయిగారూ." గీసిన గీతని అరికాలితో చెరిపాడు. "గుట్ట తిప్పారా?"

"ఏ గుట్ట?"

"మాగబెట్టే గింజ గుట్టండీ. బుధవారం పదకొండు మందిమి కాయ కొట్టాం. గుట్ట నేనే వేశా, తెల్లరాయి పక్కన పల్లంలో, రసం కిందికి జారిపోవాలని. అరిటాకులు నేనే కప్పా. నిన్న తిప్పాలి, రేపు మళ్ళీ తిప్పాలి, మంగళవారం విప్పాలి. నేను లోపలున్నానని గింజ ఆగదు కదా. తిప్పకపోతే లోపలిది మాగుతుంది, పైది పచ్చిగానే ఉండిపోతుంది. షెడ్డులో కోసి చూసి తిప్పికొడతారు."

"మామయ్య నిన్నంతా పోలీసులతోనే ఉన్నాడు. తిప్పి ఉండడు."

"మీరైనా చెప్పండి. పదిహేను బేసిన్ల గింజ." ఖూనీ కేసులో ఉన్నవాడు ఆ మాట అని గోడకి ఆనుకున్నాడు. తన సంగతి ఒక్కటీ అడగలేదు.

* * *

అంపాన్సా బల్ల మీద బ్లే వస్తువులు వరసగా పేర్చి ఉన్నాయి. నోటు పుస్తకం, కొలత టేపు, చిన్న సుత్తి, రేకు బిళ్ళల సంచి.

"చూడు ఇన్‌స్పెక్టరమ్మా, కళ్ళారా చూడు," అన్నాడు అంపాన్సా, ఇస్త్రీ మడత చెడని రుమాలుతో మెడ తుడుచుకుంటూ. పెద్ద శరీరం, చిన్న గొంతు. "పెద్ద ఊరి కళ్ళు కదా, మాకు కనపడనివి కనపడతాయేమో."

ఆమె పుస్తకం తెరిచింది. ప్రతి చెట్టుకీ ఒక వరస. అంకె, వేళ, చెట్టు పేరు, చుట్టుకొలత, తోట ఎవరిది. చివరి వరసలో రెండే ఉన్నాయి: 212, తొమ్మిదీ నలభై. మిగతా గళ్ళు ఖాళీ.

"సంచిలో బిళ్ళలు 213 నుంచి ఉన్నాయి. 212 ఏది?"

"అడవిలో ఎక్కడో రాలి ఉంటుంది. ఒక రేకు ముక్క కోసం మా వాళ్ళు పాముల మధ్య పాకాలా?"

"డాక్టరు రాసింది చదివారా? చనిపోయింది పదకొండున్నరకీ పన్నెండున్నరకీ మధ్య. ఇతను చివరిసారి పెన్సిలు పట్టింది తొమ్మిదీ నలభైకి. మధ్యలో రెండు గంటలు ఏమయ్యాయి?"

"కొట్టాడు. కొనఊపిరితో వదిలేశాడు. ఆలస్యంగా పోయాడు. చావుకేమన్నా బస్సు టైమా?"

"రెండు గంటలు రక్తం కారితే కింద నేల తడవాలి. శవం పడున్న చోట అరచేతి వెడల్పు మరక కూడా లేదు."

"వానకి కొట్టుకుపోయింది."

"గురువారం వాన పడలేదు. శుక్రవారమూ పడలేదు. చొక్కా వీపున చాపలల్లే రఫియా పీచు ఉంది. ఎవరో చాప మీద ఈడ్చుకొచ్చారు."

"ప్రతి ఇంట్లోనూ గింజ ఎండబోసే చాపలే." అంపాన్సా ముందుకి వంగాడు. "నేను ఒకే ఒక్క ప్రశ్న అడుగుతా. గురువారం తోటకి వెళ్ళేది ఎవడు? ఈ ఊళ్ళో పుట్టినవాడు వెళ్తాడా? గురువారం నేల మీద కత్తి పడితే ఏమవుతుందో వాడికి పాలతో పోశారు. మా అమ్మ జ్వరంతో పడుకుని కూడా గురువారం కసావా తవ్వనివ్వలేదు. బ్లే కోస్తావాడు, చర్చి మనిషి, వెళ్ళాడు. ఇంకెవడు వెళ్తాడు? ఉత్తరాది నుంచి వచ్చినవాడే. అలాంటివాడు ఆ దాపుల్లో ఒక్కడే ఉన్నాడు."

"అది సాక్ష్యం కాదు. మీ నమ్మకం."

"అబ్బో! మీ మామ నమ్మడా? మీ అమ్మ నమ్మదా? వెళ్ళి అడుగు, వాళ్ళింట్లోనే కదా తింటున్నావు." అతను రుమాలు మడిచాడు. "నేను రాసి పంపితే ఈ కేసు మీదున్న నీ చెయ్యి నిమిషంలో తీసేస్తారు. రాయలేదు. ఎందుకో తెలుసా? ఇందులో మీ మామకి పోయేదేం లేదు కాబట్టి. పాలేరు పోతే ఇంకో పాలేరు వస్తాడు."

అఫీబా పుస్తకం మూసింది.

"బయట బెంచీ మీద ఆ అబ్బాయి తల్లి కూర్చుంది," అన్నాడు అంపాన్సా, ఈసారి వెటకారం లేకుండా. "నేను ఆవిడకి ఒక పేరు చెప్పగలిగాను. నువ్వేం చెబుతావు? రేకు ముక్క కనపడలేదనా?"

బయటికి వెళ్తూ అఫీబా ఆ బెంచీ వైపు చూడలేదు. నల్ల గుడ్డ అంచు మాత్రం కంటికి తగిలింది.

* * *

తోట చేరేసరికి ఒంటిగంట. చిన్నప్పుడు ఈ దారిలో కళ్ళు మూసుకుని నడిచేది. ఇప్పుడు తెరిచి నడిచింది.

ముందు తెల్లరాయి దగ్గరికి వెళ్ళింది. అక్కడ గుట్ట లేదు. కొట్టేసిన కాయల డొప్పలు మోకాలెత్తు పోసి ఉన్నాయి. కాలితో పక్కకి నెట్టగానే సన్నటి ఈగలు పొగలా లేచాయి. కింద నేల నల్లగా నాని ఉంది. పులిసిన కల్లు వాసన, దాని వెనక పుల్లటి సిర్కా వాసన. రసం ఇక్కడే కారింది. అకొల్గో అబద్ధం చెప్పలేదు.

గుట్ట ఇరవై అడుగుల అవతల ఉంది, పెద్ద ఎమీరే చెట్టు మొదట్లో. గట్టు మీద. గింజ తెలిసినవాడెవడూ గట్టు మీద గుట్ట వేయడు.

అరిటాకులు ఎత్తి మోచేతిదాకా చెయ్యి దూర్చింది. లోపల వేడిగా ఉంది. వేడిగా ఉందని తెలిసింది, చెయ్యి మాత్రం వెనక్కి రాలేదు. లోపలి నుంచి గుప్పెడు, పైనుంచి గుప్పెడు తీసి చాకుతో నిలువునా కోసింది. మూడు రోజులు కదలని గుట్టయితే లోపలి గింజ గోధుమ రంగుకి తిరగాలి, అంచు గింజ ఊదాగా మిగలాలి. ఇక్కడ రెండు గుప్పెళ్ళలోనూ రెండు రంగులూ కలిసిపోయి ఉన్నాయి. ఎవరో బేసిన్లకెత్తి తెచ్చి, మళ్ళీ పోశారు.

చెక్క పార తీసుకుని గింజని ఒక పక్కకి లాగింది. అడుగు ఆకులు వచ్చాయి. వాటి కింద నేల పొడిగా ఉంది. ఒక్కచోట తప్ప. అక్కడ పళ్ళెమంత మేర మట్టి గోధుమ నలుపులో గడ్డకట్టి ఉంది. గోటితో గీరితే రేకులుగా లేచింది. కోకో రసం అలా ఎండదు.

ఆ మట్టిలో సగం దిగబడి ఒక బిళ్ళ. తుడవకుండానే అంకె కనిపించింది. 212. మేకు ఇంకా దానికే ఉంది, కొన కొద్దిగా వంగి.

అప్పుడు తలెత్తి చెట్టుని చూసింది. ఇన్నాళ్ళూ చూడలేదు. తోటల్లో మోడు చెట్లని ఎవరూ తలెత్తి చూడరు, అవి అన్ని తోటల్లోనూ ఉంటాయి. కొమ్మల మీద ఒక్క ఆకు లేదు. నడుమెత్తున కాండం చుట్టూ పచ్చిమట్టి పూసి ఉంది. చాకుతో గీకితే మట్టి రాలింది. కింద జానెడు వెడల్పున బెరడు చుట్టూతా తీసేసి ఉంది. పాత గాయం, రెండేళ్ళది. వేళ్ళ దగ్గర కాల్చిన నలుపు.

రెండేళ్ళ క్రితం కలప వాళ్ళు పొరుగు తోటలో మూడు చెట్లు కొట్టుకోడానికి అనుమతి కాగితం తెచ్చారు. ఆ మూడు కూలినప్పుడు రెండువందల కోకో మొక్కలు నలిగిపోయాయి, నష్టం కింద ఒక్క సేడీ రాలేదు. తోటలో నిలబడ్డ చెట్టు రైతుది కాదు, సర్కారుది. ఆ నెలలోనే ఊరంతా ఎవరి చెట్లని వాళ్ళు చాటుగా చంపుకున్నారు, కలప వాళ్ళకి పనికిరాకుండా. ఏడాది తిరక్కుండా చట్టం మారింది. లెక్కలోకెక్కితే చెట్టు రైతుదే అన్నారు. అప్పటికి చెట్టు లేదు, చచ్చిన చెట్టు మాత్రం ఉంది. అదీ దొరికితే ఎర్ర గుర్తు.

పైన ఇరవై అడుగుల ఎత్తున కొమ్మ విరిగిన గాయం తెల్లగా, కొత్తగా ఉంది. మనిషి తొడంత లావు. కింద ఆ కొమ్మ లేదు. కత్తి పేళ్ళు మాత్రం గడ్డిలో చెదిరి ఉన్నాయి.

వంటపాక పక్కన కొత్తగా పేర్చిన కట్టెలు గుర్తొచ్చాయి. తర్వాత బేసిన్.

"ఏమైనా దొరికిందా?"

అంపాన్సా బాట మీద నిలబడి ఆయాసపడుతున్నాడు. ఆమె గుప్పిట మూసుకుంది. మేకు అరచేతిలో దిగింది.

"ఏమీ లేదు."

"మరి పార పట్టుకున్నావేం?"

"గుట్ట తిప్పుతున్నా. అకొల్గో అడిగాడు."

అంపాన్సా పకపకా నవ్వాడు. "డిటెక్టివ్ ఇన్‌స్పెక్టరు గింజ తిప్పుతోంది! పోలీసు జీతం చాలడం లేదా? సరేలే, ఈ తోట ఎప్పటికైనా మీ అమ్మ పిల్లలకే కదా. ఇప్పటినుంచే అలవాటు చేసుకో." వెనక్కి తిరిగాడు. "ఆరింటికి వ్యాను. వచ్చి సంతకం పెట్టు."

అతను వెళ్ళాక ఆమె ఆకులు తిరిగి కప్పింది. రక్తపు మట్టిని కాగితంలో పొట్లం కట్టింది. పద్నాలుగేళ్ళలో తోటి పోలీసుకి మొదటిసారి అబద్ధం చెప్పింది. ఏమైనా అనిపిస్తుందేమోనని కాసేపు నిలబడి చూసింది. ఏమీ అనిపించలేదు. అరచేతిలో చిన్న రక్తపు చుక్క ఉంది, అంతే.

నాలుగూ ఇరవైకి, ఊరు చేరేముందు, దారి పక్కన ఆగి ఫోన్ తీసింది.

* * *

అయిదుకి పది నిమిషాల ముందు అందరూ భోజనానికి కూర్చున్నారు. ఎకుబా కసావా ఉడికించి, దంచి ఫుఫు ముద్దలు చేసింది. పామ్ కాయల పులుసులో ఎండు చేప. ఫుఫు పిసకడానికి పాత చెక్క తొట్టి వాడింది, బేసిన్ గోడకి బోర్లించే ఉంది. పొయ్యిలో కట్టెలు చిటపటమంటున్నాయి. బాగా ఎండిన కట్టె, పొగ లేదు.

"మంచి కట్టె," అంది అఫీబా.

కబెన్లా పొయ్యి వైపు చూడకుండా ముద్ద తుంచాడు.

ఆమె జేబులోంచి బిళ్ళ తీసి పులుసు గిన్నె పక్కన పెట్టింది. కబెన్లా దాన్ని చూశాడు. తుంచిన ఫుఫు ముద్ద వేళ్ళ మధ్యే ఉండిపోయింది.

"ఎక్కడిది?" అంది ఎకుబా.

"గుట్ట కింద. గుట్ట తెల్లరాయి దగ్గర ఉండాలి అత్తా. ఎవరో ఎమీరే చెట్టు కిందికి మార్చారు. గురువారం నాడు, బేసిన్‌తో."

ఎకుబా తల తిప్పి గోడ వైపు చూసింది. తర్వాత యాబా వైపు. ఈసారి తిట్టలేదు.

"నేనే," అన్నాడు కబెన్లా. "చెట్టు చంపింది నేనే. కొమ్మ వాడి మీద పడింది. నేనే ఈడ్చి అవతల పడేశాను. మీ అమ్మకి తెలీదు."

"నీకు వెన్నుపూస జారింది మామయ్యా. బిందెడు నీళ్ళు ఎత్తలేవు."

"నేనూ ఉన్నా," అంది యాబా.

మామూలు గొంతుతో అంది. ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు.

"అతను తోట వైపు వెళ్ళడం మీ మామ చూశాడు. ఆ అబ్బాయి, గురువారం ఎవరూ ఉండరని చెట్లు చూడ్డానికి వచ్చాడు. ఆ ఒక్క చెట్టు రాయకు నాయనా అని బతిమాలుకుందామని నేను వెనకే వెళ్ళా. మంచివాడు. 'రాయకుండా ఉండలేనమ్మా, చిన్నగా రాస్తా' అన్నాడు. బిళ్ళ పెట్టి సుత్తితో కొట్టాడు. రెండో దెబ్బకి పైనుంచి వచ్చింది కొమ్మ."

"తొమ్మిదీ నలభైకి."

"ఏమో. నా దగ్గర గడియారం లేదు."

"అతను పోయింది పన్నెండింటికి." అఫీబా గొంతు తనకే దూరంగా వినిపించింది. "కొమ్మ పడగానే పోలేదు. అమ్మా, నువ్వు చూసేటప్పటికి బతికున్నాడా?"

యాబా గిన్నెలోకి చూసింది.

"నీళ్ళడిగాడు."

"ఇచ్చావా?"

"ఇచ్చా. ఆకు దోనెలో తెచ్చి పోశా. తాగాడు. తర్వాత మీ మామ దగ్గరికి పరిగెత్తా."

"ఆసుపత్రి మూడు మైళ్ళు. రోడ్డు మీద మూడు చక్రాల బళ్ళు తిరుగుతూనే ఉంటాయి."

"తెలుసు."

"మరి?"

యాబా అన్న వైపు చూసింది. కబెన్లా వేళ్ళకంటిన ఫుఫుని గిన్నె అంచుకి తుడిచాడు.

"మాట్లాడుకుంటూ ఉండిపోయాం," అన్నాడు.

"రెండు గంటలు ఏం మాట్లాడుకున్నారు?"

"ఎర్ర గుర్తు గురించి. వాడు బతికి లేచి చెబితే తోట పోతుంది. చచ్చి మన చెట్టు కింద దొరికితే తోటా పోతుంది, నేనూ పోతాను. ఏం చెయ్యాలి, ఏం చెయ్యాలి అనుకుంటున్నాం. మళ్ళీ వెళ్ళి చూస్తే ఊపిరి లేదు. ఇక మాట్లాడుకోడానికేం లేకపోయింది."

"మధ్యలో పదకొండింటికి వెళ్ళి అకొల్గోని ఊళ్ళోకి పంపావు. అప్పటికి అతను బతికే ఉన్నాడు మామయ్యా."

"వాడు చూస్తాడని."

"వాడు చూశాడు, నువ్వు తోట వైపు నుంచి రావడం. పొద్దున్న అడిగితే చూడలేదన్నాడు."

కబెన్లా గిన్నె పక్కకి నెట్టాడు. "నేనేదీ నాకోసం చెయ్యలేదు అఫీబా. ఆ తోట నా పిల్లలకి రాదు. నీకొస్తుంది, నీ తమ్ముడికొస్తుంది. మన తల్లుల కడుపు ఆస్తి. నువ్వొక్క మాట మింగితే ఆరింటికి ఆ వ్యాను వెళ్ళిపోతుంది. అకొల్గో పెళ్ళాం పిల్లల్ని నేను చూసుకుంటాను. వాడి మూడోవంతు వాళ్ళకి పంపిస్తాను, ఒక్క గింజ తగ్గకుండా."

అఫీబా చెయ్యి కడుక్కుంది. ఒక్క ముద్ద కూడా తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"నాలుగూ ఇరవైకి అంపాన్సాకి ఫోన్ చేశాను. ఇక ఈ కేసు అతనిది. నేను మీ మనిషిని, విచారించకూడదు. నేను సాక్షిని. గుట్ట దగ్గర ఇప్పటికే కాపలా పెట్టి ఉంటారు. అయిదున్నరకి అతను ఇక్కడికొస్తాడు. ఆరింటి వ్యాన్లో అకొల్గో ఎక్కడు."

పొయ్యిలో కట్టె ఒకటి విరిగి ఒరిగింది.

"ఫోన్‌లో మామయ్య పేరొక్కటే చెప్పాను," అంది అఫీబా. "నువ్వు చెప్పింది కూడా నేను చెప్పాల్సి వస్తుందమ్మా. నీళ్ళ సంగతితో సహా. ఆ తల్లి బెంచీ మీదే ఉంది."

"చెప్పు," అంది యాబా.

"ఎర్ర గుర్తు పడుతుంది," అన్నాడు కబెన్లా, తనలో తను అనుకుంటున్నట్టు.

"పడుతుంది."

ఎకుబా లేచి గోడ దగ్గర్నుంచి బేసిన్ తెచ్చి అఫీబా ముందు పెట్టింది. నీలం పువ్వు పైకి కనిపిస్తోంది.

"ఇది కూడా పట్టుకుపోతారా?"

"పట్టుకుపోతారు అత్తా. ఇక తోమకు."

"మళ్ళీ ఇస్తారా?"

"తెలీదు."

ఎకుబా తల ఊపి మళ్ళీ తన చోట కూర్చుంది. అఫీబా గోడ మీది గడియారం చూసింది. అయిదూ పన్నెండు. గిన్నెని తల్లి వైపు జరిపింది.

"తిను అమ్మా. దారిలో ఏమీ దొరకదు."

యాబా కాసేపు ఆ గిన్నెని చూసింది. తర్వాత చెయ్యి పెట్టి, చిన్న ముద్ద తుంచి, పులుసులో ముంచింది.